వేలు కదలని పేజీ

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఎమ్మిగనూరులో మా వీధి బడిలో పలక పట్టడానికి సిగ్గుపడలేదు. ఇప్పటికీ అక్షరాల కింద వేలు పెట్టి నడిపితే గానీ చదవలేను.

నిరుడు వేసవిలో ఆదోనిలో ఉండే నా స్నేహితురాలు జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఇద్దరం పత్తి మిల్లులో కలిసి పనిచేసినవాళ్లం. ఏటా తొలకరి పడగానే, వానకు రాళ్లు బయటపడే జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికీ కలిసే పోయేవాళ్లం. మంచాన పడినదానికి పొద్దుపోవాలని, లైబ్రరీలో ఒక లావుపాటి నవల తీసుకుని ఆదివారం ఆదివారం బస్సెక్కి పోయి చదివి వినిపించాను. కోటలో దాచిన నిధి, దాన్ని కాపాడే రహస్య సంఘం, నెత్తుటి ప్రమాణాలు. సగం నమ్మేటట్టు లేదు. అయినా పేజీ వదలబుద్ధి కాలేదు.

ప్రమాణాలు వచ్చినప్పుడల్లా అది నవ్వేది. మాకూ ఒకటి ఉంది మరి. మొదటి ఏడాది చేనిగట్టున పిడికెడు మన్ను పట్టుకుని, ఎవరికి దొరికినా చెరి సగం అనుకున్నాం. పదకొండేళ్లు తిరిగాం. వంగి వంగి నడుములు పోయాయి తప్ప ఏమీ దొరకలేదు. అట్లా అనుకున్నది నేను.

సంఘంలో ఒకడు నిధిలో రాయి కాజేసి పట్టుబడే చోటికి వచ్చేసరికి అది నా మోచేయి పట్టుకుంది.

"అక్కా, నాకూ ఒకటి దొరికింది. నాలిక కింద పెట్టుకుంటి. ఆ పొద్దు పంటినొప్పని దారంతా మాట్లాడలేదు గదా." తలెత్తి ఇంటి కప్పు చూసింది. "ఈ రేకులు దాంతో ఏసినవే."

ఆ రోజు పంటినొప్పికని లవంగాలు కొనిచ్చింది నేనే. ఒళ్లు మండింది. లేచి పోదామనుకున్నాను. అది మాత్రం వాడిని ఏం చేశారో చదవమంది.

పుస్తకంలో వాడిని పొడిచి కోట బావిలో పడేశారు. అది భయంగా నా నోటివైపే చూస్తోంది. సంఘం పెద్ద వాడిని క్షమించి పక్కన కూర్చోబెట్టుకున్నాడని చదివాను. అచ్చులో లేనిది చదవడం నాకదే మొదటిసారి.

అది నా చేతివైపు చూసింది.

"నువ్వు సదివేటప్పుడు వేలు నడుస్తాది అక్కా. ఇప్పుడు నడ్సలేదు."

దొరికిపోయాను.

"ఔను, వాన్ని సంపినారు. నేను నిన్ను సంపను గానీ, కోపం యాడికీ పోలేదు. ఉంటాది కొన్నాళ్లు."

"ఉండనీలే. ఉన్నదున్నట్టు సదువు."

వేలు మళ్లీ అక్షరాల కింద పెట్టి, కత్తి దగ్గర నుంచి బావి దాకా ఒక్క ముక్క వదలకుండా చదివాను. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ విన్నది. ఆ పేజీ అయ్యేసరికి రేకుల మీద చినుకులు మొదలైనాయి. తొలకరి. రేపు జొన్నగిరికి పోతానన్నాను, ఒక్కదాన్నే.

"దొరికితే సెప్తావా అక్కా?"

"సెప్పను."

తొడ పట్టుకుని, నొప్పి నొప్పి అంటూనే నవ్వింది. నేను చెప్పులేసుకునే లోపల తలగడ పక్కనున్న డబ్బా తీసి, పంటినొప్పికి పనికొస్తాయని నాలుగు లవంగాలు నా చేతిలో పెట్టింది.