రాకడకు చాటింపు

డిసెంబరు మొదలైందంటే మా వాడలో కోడి కంటే ముందు మనుషులే కూస్తారు. క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాలను మేము ఆగమన ఆదివారాలంటాం. ఆ నాలుగు వారాలూ రోజుకొక ఇంటికి వంతు. వంతు వచ్చినవాళ్లు తెల్లవారుజామున తాళాలు పట్టుకుని, గల్లీ గల్లీ తిరిగి, పాట పాడుతూ అందరినీ లేపాలి. ఒకసారి పుట్టిన యేసు మళ్లీ వస్తాడు, వచ్చేసరికి మీరు నిద్రలో ఉండొద్దు అని చెప్పడం అన్నమాట. పాలకుర్తి దగ్గరి మా మాదిగవాడలో ఇది తాతల నాటి నుంచీ ఉంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మానేసే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

మూడేళ్ల కిందట మా ఇంటి వంతు రెండో ఆదివారం నాడు పడింది. నేను నెల్లికుదురు బడిలో పంతులమ్మను, ఉండేది మహబూబాబాద్‌లో. వంతు ఉందంటే చాలు, బస్సులు మారి, ఆటో పట్టుకుని ముందు రోజే ఇల్లు చేరతాను. ఆ ఏడు ఇంటికి పోయేసరికి బాపు గొంతు పూర్తిగా పోయి ఉంది. దవాఖానలో ఆరు నెలలు గట్టిగా మాట్లాడవద్దన్నారు. ఇక పాట సంగతి చెప్పేదేముంది! అమ్మను మేం అవ్వ అంటాం; అవ్వకు మోకాళ్ల నొప్పులు. నేను పాడతానంటే అవ్వ పడీ పడీ నవ్వింది.

"నీ పాట ఇంటే వచ్చే యేసు గూడ మర్లి పోతడు," అన్నది.

"అయితే పక్కింటోళ్లకు ఇచ్చేద్దాం బాపు, ఈ ఒక్క ఏడు," అన్నాను.

బాపు గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. అయినా ప్రతి మాటా వినబడింది. "మన వంతు మనదే బిడ్డా. రేపు ఆయన వచ్చి అడిగితే, పక్కింటోడు లేపిండు, నేను పండుకున్న అని చెప్పాల్నా?"

అని, నిచ్చెన వేసుకుని అటక ఎక్కి డప్పు దించాడు.

ఇక్కడ నా పాపం ఒకటి చెప్పుకోవాలి. అప్పటికి పదేళ్ల ముందు, నాకు ఉద్యోగం వచ్చిన వారానికే ఆ డప్పును అటక ఎక్కించింది నేనే. పంతులమ్మ తండ్రి ఊరి చావులకు ముందు నడిచి డప్పు కొడుతున్నాడంటే నాకు తలకొట్టేసినట్టు ఉండేది. ఇక కొట్టొద్దు బాపు అన్నాను. గోనెసంచిలో చుట్టి పైన పెట్టేశాడు. పెట్టేటప్పుడు ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. చూడకుండా ఉండటం నాకు అప్పటికి బాగానే చేతనవును.

ఆదివారం ఇంకా చీకటి ఉండగానే ఇంటి ముందు గడ్డి మంట వేసి డప్పు కాగబెట్టాడు. పాత తోలు వేడికి బిగిసేదాకా చుట్టూ తిప్పుతూ, వేలితో మీటి చూస్తూ, చెవి దగ్గర పెట్టుకుని వింటూ. అరవై ఐదేళ్ల మనిషికి ముప్పై ఏళ్ల నడక వచ్చింది. తర్వాత ఎడమ చేతిలో సన్నపుల్ల, కుడి చేతిలో సిర్ర అనే పొట్టి కర్ర పట్టి గల్లీ మొదట్లో నిలబడి కొట్టాడు. అది చాటింపు దరువు. తహసీల్దారు వస్తున్నాడన్నా, వాగు పొంగుతోందన్నా, పన్నులు కట్టాలన్నా ఊరికి చెప్పడానికి మా తాత కొట్టిన దరువు.

వాడంతా లేచింది. అంతవరకు బాగానే ఉంది. కానీ వాడ పక్కనే ఊరు కూడా ఉంది కదా! మా దిక్కు డప్పు మోగక పదేళ్లయింది. చాటింపు దరువేదో, చావు దరువేదో, పెండ్లి దరువేదో ఈ కాలం వాళ్లకు తేడా తెలియదు. తెల్లవారకముందే డప్పు అంటే ఒకటే లెక్క: ఎవరో పోయారు. ముందుగా ఊరి చివరి ముసలమ్మ ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని వచ్చి, ఎవరని అడగకుండానే మా గడపలో కూలబడి రాగం తీసింది. "నా తోడు పాయెనే, నా తోటి కలుపుతీసిన తల్లి పాయెనే" అని ఆమె ఏడుస్తుంటే, ఆ పోయిందనుకున్న మా అవ్వ చాయ గ్లాసుతో బయటికొచ్చి ఆమె ముందే నిలబడింది. ముసలమ్మ ఏడుపు ఆపి, గ్లాసు అందుకుని తాగింది.

ఆ వెనకే పటేలు వచ్చాడు, తలకు తువ్వాల చుట్టుకుని. ఊళ్లో సగం పత్తి చేలు ఆయనవే.

"ఎవలు పోయిండ్రురా?"

బాపు డప్పు ఆపాడు. "ఎవలు పోలే పటేలా. ఒకాయన వస్తున్నడు."

"ఎవలు? మంత్రా?"

"మంత్రికైతే గింత పొద్దుగాల ఎందుకు కొడ్త? ఆయన పదింటిదాక లేవడు. మా దేవుడు వస్తున్నడు."

పటేలు తువ్వాల సర్దుకున్నాడు. నవ్వాలో తిట్టాలో తేలలేదు. "ఎప్పుడట?" అన్నాడు.

"గది తెలిస్తే రోజు లేసుడెందుకు పటేలా? తెల్వదు కాబట్టే గీ తిప్పలు," అన్నాడు బాపు, మళ్లీ సిర్ర ఎత్తుతూ.

నాకు నవ్వాగలేదు. గర్వం కూడా ఆగలేదు. అలా పటేలు ముఖంలోకి చూస్తూ బాపు మాట్లాడటం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

తొమ్మిది గంటల ఆరాధనకు పోయేసరికి నవ్వు పోయింది. మా పాస్టరయ్య భూపాలపల్లి దిక్కు మాదిగవాడ నుంచి వచ్చినవాడు, పట్టుమని ముప్పై అయిదేళ్లు లేవు. చెడ్డవాడు కాదు. జ్వరమొస్తే బండి మీద దవాఖానకు తీసుకుపోయే మనిషి. ఆరాధన అయ్యాక బాపునూ నలుగురు సంఘ పెద్దలనూ ఉండమన్నాడు. నన్ను పొమ్మన్నా పోలేదు.

"డప్పు విగ్రహాల ముందర కొట్టేది, పీనుగల ముందర కొట్టేది. దాన్ని ప్రభువు రాకడకు కొడ్తరా? ఊరంత నవ్వుతున్నది. వచ్చే ఆదివారం సంఘం ముందర నిలబడి తప్పయిందని చెప్పాలె. లేకుంటే క్రిస్మస్ నాడు మీకు ప్రభువు బల్ల లేదు," అన్నాడు పాస్టరయ్య.

ప్రభువు బల్ల అంటే ఆ రొట్టె ముక్క, ఆ ద్రాక్షరసం. ఇరవయ్యో ఏట బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి బాపు ఒక్క క్రిస్మస్‌కూ అది తప్పలేదు. చికెన్‌గున్యాతో నడవలేని ఏడు కూడా మంచంతో సహా మోయించుకుని పోయాడు. పాస్టరయ్యకు అది తెలుసు.

"మీ ఇంట్లో ఎవరూ డప్పు కొట్టలేదా అయ్యగారూ?" అని నేను అడిగాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు నాకు కొత్త కాదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో నా ముఖంలో ఉన్నదే. మళ్లీ ఊరు మనల్ని డప్పోళ్లని పిలుస్తుందేమో అని ఆయన భయం. ఆ భయంతోనే నేను మా బాపు చేతులు కట్టేశాను. ఇప్పుడు ఇంకొకడు కడుతుంటే కోపం వచ్చింది. కోపమంటే మామూలు కోపం కాదు, నా మీద నాకున్నది కూడా కలిపి.

వారమంతా అవ్వ ఫోన్‌లో ఏడ్చింది. "ఒక్క మాట అంటే అయిపాయె గద. జర చెప్పు మీ బాపుకు," అన్నది. నేను చెప్పలేదు. చెప్పాల్సినవన్నీ నేను ఎప్పుడో చెప్పేశాను, అవి చాలు.

మూడో ఆదివారం బాపు తెల్లచొక్కా వేసుకుని సంఘం ముందు నిలబడ్డాడు. గొంతు లేదని పాస్టరయ్యే మైకు నోటి దగ్గర పట్టుకున్నాడు.

"తప్పయింది," అన్నాడు బాపు. పెద్దలు తలలూపారు.

"పటేళ్లకు కొట్టిన. ఎమ్మార్వోకు కొట్టిన. ఓట్లకు వచ్చినోళ్లందరికి కొట్టిన, ఏ పార్టీ అని గూడ అడగలే. గీయనకు మాత్రం మొన్నటిదాక ఒక్కనాడు కొట్టలే. చేతిల విద్దె పెట్టుకొని ఊకున్న. గదీ నా తప్పు. దానికి మాఫ్ చేయమని అడుగుతున్న."

పాస్టరయ్య మైకు వెనక్కి తీసుకున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో గట్టిగా ఆమెన్ అన్నారు. ఎవరో కాదు, మా అవ్వే. వారమంతా ఏడ్చిన మనిషి. కానీ పెద్దాయన ఒకరు లేచి, అడిగిన తప్పు ఇది కాదు, మాట మార్చొద్దు, అది ఒప్పుకునేదాకా బల్ల లేదు అన్నాడు. బాపు వచ్చి తన చాప మీద కూర్చున్నాడు.

క్రిస్మస్ నాడు మందిరం కిటకిటలాడింది. రంగు కాగితాలు, కొత్త కీబోర్డు, కొత్త బట్టల వాసన. బాపు మాతో వచ్చాడు కానీ లోపలికి రాలేదు. చెప్పులు విడిచే మెట్టు మీద, దారి వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. ప్రసంగం అయ్యింది, పాటలయ్యాయి, బల్ల సిద్ధమైంది. వరస నా దాకా వచ్చింది. పాస్టరయ్య పళ్లెం చాచాడు. నేను ఆయన ముఖంలోకి చూసి, "మా బాపుకు లేనిది నాకూ వద్దయ్యా," అన్నాను. నెమ్మదిగానే అన్నాను, కానీ కీబోర్డు ఆగిపోయింది. నా వెనక నుంచి అవ్వ కూడా మోకాళ్లు పట్టుకుని లేవడం వినబడింది.

బయటికి వచ్చేసరికి బాపు దారినే చూస్తున్నాడు. పత్తి బండి ఒకటి, స్కూటరు ఒకటి పోయాయి. నాకు దుఃఖం పొంగుకొచ్చింది.

"జర లోపలికి రా బాపు. బల్ల తీసుకోకున్నా మంచిగ లోపల కూసో. గడప బయట గిట్ల కూసునుడేంది, ఎవరో పరాయోని లెక్క?"

బాపు జరిగి నాకూ అవ్వకూ మెట్టు మీద చోటిచ్చాడు.

"ఆయన లోపట్నుంచి వస్తడా బిడ్డా? వచ్చుడు ఈ తొవ్వెంటనే గద," అన్నాడు. "లోపటోళ్ల కంటే ముందుగాల మనకే కనవడ్తడు, కూసో."