మిట్ట ఎక్కే మోటరు

నాకు తిక్క జాస్తి అని బేతంచెర్లలో మా వీధంతా చెప్తాది. ఉండాది, లేదనను. ఆ తిక్కే లేకుంటే మా ఇంటాయన నా సైకిల్‌కు స్కూటర్ మోటరు బిగించేసి, మంచి చేసినా అనుకుంటానే నన్ను ఇంట్లో కూర్చోబెట్టేసింటాడు.

అప్పుడు నేను క్వారీలు దాటినాక వచ్చే పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. దినమూ సైకిల్ మీదనే పోయి వస్తాంటి. దావలో ఒక మిట్ట ఉండాది, బండల లారీలు గూడా మూలుక్కుంటా ఎక్కే మిట్ట. వయసులో ఉన్నప్పుడు ఒక్క ఊపున ఎక్కేసేదాన్ని. నలభై దాటినాక మోకాలు పట్టుకునింది. సగంలో దిగి, ఒక చేత్తో సైకిల్, ఇంకో చేత్తో మోకాలు పట్టుకోని కుంటుకుంటా పోతాంటి. నేను చేరేతలికి పిల్లోల్లు బీగమేసిన తలుపు ముందర మొగాలు యాలాడేసుకోని కూర్చోని ఉండేవాళ్ళు.

కర్నూల్లో డాక్టరు చూసి, సైకిల్ తొక్కొచ్చు గానీ మిట్టలు ఎక్కొద్దమ్మా అన్నాడు. మిట్ట లేకుండా ఆ పల్లెకు దావ యాడుందో ఆయప్పనే అడిగింటే బాగుండు. మా అత్త "ఇంగ చాల్లేమ్మే, మానుకోరాదా" అనింది. మా మరిది మోటరుసైకిల్ మీద దింపొస్తా అన్నాడు. మంచోడే పాపం, కానీ ఆయప్ప లేచేది పిల్లోల్లకు అన్నం పెట్టే పొద్దుకు. పైగా ఒకరి వెనక కూర్చోని, వాళ్ళకు తీరినప్పుడు పోయి, వాళ్ళు తెచ్చినప్పుడు రావడం నాకు పడదు. స్కూటర్ నేర్చుకుంటా లారీ పక్కన ఒకసారి పడినాక మళ్ళా దాని జోలికి పోలే. సైకిల్ అయితే నా మాట వింటాది. అది పోతే ఉద్యోగం పోతాది. ఉద్యోగం పోతే తెల్లారి లేచి నేను యాడికి పోవాల? ఆ మాట తలుచుకుంటే భయమేసేది నాకు, నిజంగా భయమేసేది.

మా ఇంటాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీ. నోటితో చెప్పడు గానీ నా మోకాలి గురించి నాకంటే ఆయనకే దిగులు జాస్తి. ఒకనాడు అన్నం తింటా తింటా "సైకిల్‌కు కరెంటు మోటరు పెడదాంలేమ్మే" అన్నాడు. కరెంటు స్కూటర్లు కొత్తగా వచ్చిన కాలమది. కొన్ని అప్పుడే బ్యాటరీలు చచ్చిపోయి కర్నూల్లో పాత సామాన్ల అంగళ్ళకు చేరినాయి. మా వీధి చివర మోటర్లు వైండింగ్ చేసే సాయిబు ఉన్నాడు, మా ఇంటాయనకు జోడీ. ఇద్దరూ బస్సెక్కి కర్నూలు పోయి, రెండు మోటర్లు సంచుల్లో ఏసుకోని వచ్చినారు.

ఒకటి స్కూటర్ వెనక చక్రంలోది. ఎత్తాలంటే సాయిబు గూడా ఉస్సుమన్నాడు. దాని చుట్టూ సైకిల్ పుల్లలు బిగించి వెనక చక్రం చేస్తాడంట. రెండోది చిన్నది, జొన్నరొట్టె అంత వెడల్పు. ముందర చక్రం నడుమ కూర్చుంటాది. లోపల పళ్ళచక్రాలు ఉండాయి కాబట్టి జోరు తక్కువ, లాగేది మాత్రం బాగా లాగుతాది అని సాయిబు చెప్పినాడు. మా ఇంటాయన దాని తట్టు ఒకసారి చూసి, పెద్దదాన్ని తట్టినాడు. పాలిష్ ఫ్యాక్టరీలో బతికినోల్లకు మోటరంటే పెద్దగా ఉండాల, గట్టిగా అరవాల.

సరే, రెండూ పరీక్ష చేసి చూద్దామనుకున్నారు. "నీ బరువెంత?" అని అడిగినాడు మా ఇంటాయన, సాయిబు ముందరే. ఏ ఆడమనిషైనా చెప్తాదా? "ఇన్నేండ్లు కాపురం చేసినావు, నువ్వే చెప్పు" అంటి. మా ఊర్లో ఏ బరువైనా బండల్లోనే చెప్తారు. బియ్యం మూట ఇన్ని బండలు, పెండ్లి బీరువా ఇన్ని బండలు. ఇద్దరూ నన్ను కిందికీ మీదికీ చూసి, గుసగుసలాడుకోని, సైకిల్ వెనక క్యారియర్ మీద బండలు పేర్చి తాడుతో కట్టినారు. ఆ ఎత్తు చూసి నాకు ఒళ్ళు మండింది.

"అంత ఉన్నానా నేను?"

"చేతిసంచి, టిఫిను, నీళ్ళ బాటిలు, అన్నీ కలుపుకోని అక్కా" అన్నాడు సాయిబు, నా మొగం చూడకుండా.

మొదట చిన్న మోటరు బిగించి మిట్ట కాడికి తోలుకపోయినారు. బండలు క్యారియర్ మీద, మా ఇంటాయన పక్కన నడుచుకుంటా హ్యాండిల్ పట్టుకోని ఎక్సలేటర్ తిప్పినాడు. బరువంతా వెనక ఉండాదే, ముందర చక్రం తేలిపోయి, దావ మీది తెల్ల రాతిపొడిలో ఊరికే తిరగబట్టె. రొంత ఎక్కి, సగంలో నిలబడిపోయింది. లారీ మీది హమాలీలు నవ్వినారు. మళ్ళా ఆదివారం పెద్దది బిగించినారు. అది గుర్రుమంటా బండల్ని మిట్ట మీదికి ఈడ్చుకపోయింది. మా ఇంటాయన మీసం దువ్వుకోని "మోటరంటే ఇది" అన్నాడు. పెద్దదే ఖాయమయిపోయింది.

ఇంటికి తెచ్చి నా చేతికిచ్చినారు. మా ఇంటి ముందర మెట్లుండాయి, సైకిల్ రాత్రిళ్ళు లోపల పెడతాం. ఎత్తబోతి. చక్రం మెట్టు దాటలే. ఆ మోటరు, దానికి సరిపోయే బ్యాటరీలు, అన్నీ కలిసి సైకిల్ సైకిల్‌గా లేదు.

"దావలో చార్జింగు అయిపోతే?" అని అడిగినా.

"తోసుకోని రావాల."

"ఎవరు తోస్తారు దీన్ని?"

మా ఇంటాయన "ఫోన్ చేయి, మా తమ్ముడొస్తాడు" అన్నాడు.

అంతే, నాకు తిక్క రేగింది. తిరిగి తిరిగి మళ్ళా మరిది వెనకనే కూర్చోమంటాడే ఈయప్ప. "ఇంత సంబరం దీనికేనా సామీ? బండలు కట్టి చూసినారే, వాటికి కాళ్ళుండాయా? నాకుండాయి. మోకాలు నొప్పే గానీ కాళ్ళు పడిపోలే. బండ ఊరికే కూర్చుంటాది, నేను తొక్కుతా. మిట్ట కాడ రొంత చెయ్యేసేది కావాల్నంటే, నన్నే మోసుకపోయేది తెచ్చినారు మీరు" అంటి. వీధిలో అందరికీ వినపడింటాది.

సాయిబు చేతిలో పానా పట్టుకోని అట్లే నిలబడినాడు. "అవు గదన్నా" అన్నాడు నిదానంగా, "అక్క తొక్కుతాది గదా. మనం ఆ సంగతే మర్చిపోతిమి." మా ఇంటాయన ఆ పానా తీసుకోని పెద్దదాన్ని విప్పబట్టె. సందేళకల్లా చిన్నది మళ్ళా ముందర చక్రంలో కూర్చునింది. బ్యాటరీలు గూడా చిన్నవి సరిపోయినాయి. ఈసారి సైకిల్ మెట్లు నేనొక్కదాన్నే ఎక్కించినా.

తెల్లారి మిట్ట కింద మా ఇంటాయన, సాయిబు ఇద్దరూ నిలబడినారు, ఆగిపోతే తోసేదానికి. నేను సీటు మీద కూర్చోని, రొంత ముందరికి వంగి, మెల్లగా తొక్కుతా ఎక్సలేటర్ తిప్పినా. చక్రం ఒకసారి జారి, పట్టుకునింది. ఎవరో వీపు మీద చెయ్యేసి నెడతాన్నట్ల ఉన్నింది. బండలు ఆగిపోయిన తావు వచ్చింది, దాటిపోయింది. మోకాలు ఎప్పుడు కలుక్కుమంటాదో అని పళ్ళు బిగబట్టుకోని ఉంటి, అది కలుక్కుమనలే. పైకి చేరి, ఆగకుండా అట్లే పల్లెకు పోతి. ఆ దినం బీగం తీసినాకనే పిల్లోల్లు వచ్చినారు. నాకు శానా సంతోషమయింది, ఒక్కదాన్నే నవ్వుకుంటా చాప పరిచినా.

ఇంటికొచ్చేతలికి మా ఇంటాయన ఫ్యాక్టరీకి పోకుండా మెట్ల కాడ పని చేస్తాన్నాడు. నా తట్టు చూడకుండానే "పైకి పోయినాక ఒకసారన్నా వెనక్కి చూడలేదే" అన్నాడు.

"చూసింటే దిగాల్సొచ్చేది" అంటి.

"మిట్ట సగంలో నువ్వొక్కదానివే ఆగిపోతావేమో అని, లారీలు వస్తాంటాయి గదా. అందుకే పెద్దది పెడదామనుకుంటి" అన్నాడు. నిన్నట్నించి పెట్టుకున్న కోపమంతా యాడికి పోయిందో పోయింది. పక్కన కూర్చోని ఏం చేస్తాన్నాడో చూసినా. సైకిల్ ఎక్కించేదానికి మెట్ల మీద వాలుగా బండలు పరుస్తాన్నాడు. క్యారియర్ మీద నా బరువుకని కట్టినాడే, అవే బండలు.

ఆ మోటరు తర్వాత ఒకసారి మార్చినాం, బ్యాటరీలు శానాసార్లు మార్చినాం. బండలు మాత్రం అవే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే వాటి మీదనే సైకిల్ దింపుకోని, ఆ మిట్ట నేనే తొక్కుకుంటా ఎక్కినా.