పులి మేకల ఆటకు సరిపడే టీవీ

మా అన్నకు గ్లకోమా. పోయిన ఎండాకాలం అనంతపురంలో డాక్టరు సూటిగానే చెప్పాడు. చుట్టుపక్కల చూపు ముందు పోతుంది, నడుమ ఉన్నది కొన్నాళ్ళు నిలుస్తుంది, పోయింది తిరిగి రాదు, చుక్కల మందు మాత్రం మానొద్దు అన్నాడు. బయటికొచ్చి బస్టాండులో టీ తాగుతుంటే అన్న నోరు తెరిచాడు.

"పాపా, నా కంప్యూటరు అటక మీద ఉండాదా? లేకుంటే పాత సామాన్లు కొనేవానికి ఏసినారా?"

నాకు ఒళ్ళు మండింది. కళ్ళు పోతున్న మనిషి అడగాల్సిన మాటేనా అది!

అది ఇప్పటి కంప్యూటర్ల లాంటిది కాదు. బెంగళూరులో చదువుకునే రోజుల్లో అన్న ఎవరి దగ్గరో కొన్నాడు. చూడడానికి ఒట్టి కీబోర్డే, యంత్రమంతా మీటల కిందే ఇమిడి ఉంటుంది. తెర ఉండదు. వెనక నుంచి వచ్చే వైరును టీవీకి యాంటెన్నా తగిలించే చోట తగిలిస్తే, ఆ టీవీయే తెర. రాసిన ప్రోగ్రామును టేపు రికార్డరు క్యాసెట్లో దాచుకోవాలి. అందులో అన్న పులి మేకల ఆట రాశాడు. బండల మీద గీతలు గీసి గులకరాళ్ళతో ఆడుకునే ఆటే. పులికి ఇంగ్లీషు పి, మేకకు ఎం. నాయన మేకలు ఆడేవాడు, కంప్యూటరు పులులు ఆడేది. నాయన పులుల్ని కదలకుండా కట్టేసిన రోజు ఇంట్లో అందరికీ వినపడేలా తొడ చరిచేవాడు.

చూపు మొత్తం పోకముందే ఆ ఆట ఒక్కసారి తన కళ్ళతో చూసి ఆడాలని అన్న కోరిక. తిరుపతి తీసుకుపొమ్మనలేదు, ఇంకో డాక్టరుకు చూపించమనలేదు. ఉద్యోగం వదిలి మా ఇంటికొచ్చి రెండేళ్ళయినా ఫలానా కూర చెయ్యమని కూడా అడగని మనిషి. అడిగింది ఇదొక్కటే కాబట్టి, తిట్టుకుంటూనే అటక ఎక్కాను.

కంప్యూటరు బాగానే ఉంది. చిక్కంతా తెరతోనే వచ్చింది. ముందు హాల్లోని ఎల్‌ఈడీ టీవీకి తగిలించాం. అది చానెళ్ళన్నీ వెతికి, సిగ్నల్ లేదని నీలం తెర పరిచి కూర్చుంది. పాత వైరును కొత్త టీవీకి కలిపే చిన్న డబ్బా ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. బొమ్మయితే వచ్చింది కానీ, అడ్డంగా సాగి, అక్షరాలన్నీ అలుక్కుపోయి వచ్చింది. మీట నొక్కిన కాసేపటికి తీరిగ్గా అక్షరం పడేది.

"దీని కాలం టీవీనే దీనికి కావల్ల" అన్నాడు అన్న. "డబ్బా టీవీ చూడు పాపా."

డబ్బా టీవీ అంటే మా ఉరవకొండలో జనం నవ్వారు. మా వీధిలో ఒకరింట్లో ఉందన్నారని పోయి చూస్తే, పైడబ్బా మాత్రమే మిగిలింది. లోపల కోడి పొదుగుతోంది.

చివరికి గుత్తిలో పాత టీవీలు బాగుచేసే మెకానిక్కు ఒకాయన దొరికాడు. అన్న సంగతి చెప్పగానే ఆయన తన షాపులోకెల్లా పెద్ద టీవీ మీద చెయ్యి వేశాడు.

"కండ్లు కనపడనోళ్ళకు చిన్నది ఇస్తే ఏం లాభమక్కా? ఇది తీస్కపో. సినిమా హాల్లో కూర్చున్నట్టే ఉంటాది."

నా ఆలోచనా అదే. నాది జిరాక్సు షాపు. రోజూ పేపర్లో అన్నకు నచ్చే వార్తలు ఏరి, ఒక్కొక్కటీ పెద్ద కాగితమంత చేసి ఇంటికి తెచ్చేదాన్ని. చూపు తగ్గిన కొద్దీ అక్షరం పెంచుతూ పోయాను. నా అంతగా చూసుకునే చెల్లెలు ఎవరికుందని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ టీవీని ఆటోలోంచి దించడానికి వీధిలో వాళ్ళంతా చెయ్యి వెయ్యాల్సి వచ్చింది. తీరా తగిలించాక బొమ్మ అద్దంలా వచ్చింది. పాత క్యాసెట్టు మాత్రం బూజు పట్టి పనికిరాకుండా పోయింది. అన్న ప్రోగ్రామంతా గుర్తు తెచ్చుకుని మళ్ళీ కొట్టాడు. ఆయన వేళ్ళకు కళ్ళతో పనిలేదు. తప్పులుంటే మాత్రం నేనే చదివి చెప్పాలి.

"ఆ లైన్లో కామా ఉండాదా?"

"కామానో ఈగనో, నల్లగా ఏదో ఉండాది."

"అట్ల కాదు మే, సరిగ్గా చూడు."

"తోల్తే పోలేదు. కామానే."

"నువ్వు షాపు ఎట్ల నడపతాండావు మే?"

ఇలా కొట్లాడుకుంటూనే ముగించాం. కొత్త క్యాసెట్లోకి ఎక్కించాం. ఇక ఆడడమే మిగిలింది. అన్న మంచి చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు.

ఆట సాగలేదు. పులి ఎక్కడుందో చూసుకునేలోపు మేకలు తప్పిపోయేవి. మేకల్ని వెతుక్కునేలోపు పులి కనిపించేది కాదు. తెర ఈ చివర నుంచి ఆ చివరకు మెడ తిప్పుతూ, మధ్యలో ఎక్కడ వదిలాడో మర్చిపోయి మళ్ళీ మొదటికొచ్చేవాడు. "ఇంకా దగ్గరికి జరుగన్నా" అని నేను కుర్చీని ముందుకు తోశాను. ఇంకొంచెం తోస్తే ముక్కు అద్దానికి తగిలేది. ఈలోగా పులులు మేకల్ని ఒక్కొక్కటే తినేశాయి.

"చాల్లే పాపా" అన్నాడు అన్న. "నా కండ్లు అయిపోయినాయి. ఎత్తిపెట్టెయ్."

కోపంతో అన్నా బాగుండేది. నీళ్ళ గ్లాసు తీసెయ్యమన్నంత మామూలుగా అన్నాడు. ఇంత పెద్ద తెర మీదే కనపడకపోతే ఇక చేయగలిగిందేమీ లేదని నేనూ అనుకున్నాను.

మర్నాడు ఆ టీవీ టప్‌మని ఆరిపోయింది. పోయిన చూపు మీద కోపమంతా మెకానిక్కు మీద కక్కాను. ఆయన పెద్దదాన్ని పట్టుకుపోయి, అది బాగయ్యేదాకా ఉంచుకోమని ఒక చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ పంపించాడు. చంకలో పెట్టుకుని పోయేంతది.

"ఏమప్పా, అంత దాంట్లో కనపడనోనికి ఈ అరచెయ్యంత దాంట్లో ఏం కనపడతాది?" అని ఫోన్లోనే కడిగేశాను.

అయినా ఒక పొద్దున, క్యాసెట్టు సరిగ్గా ఎక్కిందో లేదో చూద్దామని దాన్నే బల్ల మీద పెట్టాను. కంప్యూటరును షాపు నుంచి తెచ్చిన యూపీఎస్‌కు, టీవీని నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించాను. టీవీ చానెల్ మీట తిప్పగా తిప్పగా బొమ్మ నిలిచింది. అన్న కుర్చీలోకి రానన్నాడు, ఎదురుగా మంచం మీదే ఉండిపోయాడు.

"కొంచెం మేలుగానే అగపడతాండాది" అన్నాడు, నన్ను బుజ్జగించడానికే అన్నట్టు.

అప్పుడే చేన్లకిచ్చే త్రీఫేజు కరెంటు వచ్చింది. మా ఇల్లు ఊరి చివర, చేన్లలోని బోరు మోటార్లకూ మాకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. త్రీఫేజు రాగానే మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటాయి, ఇంట్లో ఓల్టేజి పడిపోయి ఫ్యాను మూలుగుతుంది. కొత్త టీవీలకు ఆ తేడా తెలియదు. ఈ పాతది తట్టుకోలేకపోయింది. బొమ్మ నాలుగు వైపుల నుంచీ లోపలికి ముడుచుకుంది. చుట్టూ నల్లగా మిగిలి, నడుమ పోస్టు కార్డంత ఆట నిలిచింది.

"దీని మొగం మండ" అని, లేచి పోయి ఫ్రిజ్జు వెనక స్టెబిలైజరు పీకబోయాను.

"ముట్టొద్దు!" అన్న అరిచాడు. నా మీద ఆయన అరిచి ఎన్నేళ్ళయిందో. "దాన్ని అట్లే ఉండనీ. మూడు పులులూ కనపడతాండాయి మే. మేకలు గూడా. అన్నీ ఒక తూరే కనపడతాండాయి!"

నేను స్టెబిలైజరు వైరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చుట్టూ చూపు పోతుంది, నడుమది నిలుస్తుంది అని డాక్టరు చెప్పింది ఇద్దరం విన్నాం. విని, పోయి గోడంత టీవీ తెచ్చుకున్నాం. గొట్టంలోంచి చూస్తున్నట్టు చూసే మనిషికి కావాల్సింది చిన్న బొమ్మ, కాస్త దూరం. నేనేమో ఆరోజు కుర్చీని ముందుకు తోశాను.

అన్న మంచం మీద నుంచి కదలకుండా, కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని ఆడాడు. తొందరపడలేదు. మొదటి పులిని మూలకు తోశాడు, రెండోదాన్ని కట్టేశాడు, మూడోది కాసేపు తిరిగి తిరిగి ఇరుక్కుంది. తొడ చరుచుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో నేను సరిగ్గా చూడలేదు, నా కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

కాస్త తేరుకున్నాక అడిగాను. "మరి ఆ పేపర్ల సంగతేమన్నా? పెద్దవి చేసి తెస్తాంటి కదా."

"యాడ కనపడతాయి మే? ఒక అచ్చరం చూసేలోపల ముందరిది పోతాండె."

"చెప్పి సావొచ్చు కదా!"

"కండ్లే ఇంకా చెడినాయేమో అనుకుంటి. నువ్వు గూడా అంత ఇష్టంగా తెస్తాంటివి."

తిట్టబోయి మానుకున్నాను. పోయి, ఎప్పటిలాగే మంచం మీద ఆయన పక్కన, భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను. చూపు తగ్గినప్పటి నుంచీ అలాగే కూర్చుంటాను. మాట్లాడేటప్పుడు మొహంలో మొహం పెట్టి మాట్లాడతాను. దగ్గరుంటే కనపడతాను కదా అని.

అన్న నన్ను మోచేత్తో నెట్టాడు. "లేయ్. ఆ తలుపు కాడికి పో."

"ఎందుకు?"

"పోమ్మే, చెప్తా."

గొణుక్కుంటూ పోయి గడప దగ్గర నిలబడ్డాను. అన్న తల కొంచెం అటూ ఇటూ సర్దుకుని నా వైపు చూశాడు, ఇందాక ఆటను చూసినట్టే.

"ఇప్పుడు కనపడతాండావు. తల కాడ నుంచి కాళ్ళ దంకా" అన్నాడు. చూపు నా తల మీద నిలిపి, "అంత తెల్లగైపోయిందేంది పాపా జుట్టు?" అన్నాడు.

షాపు తెరిచే వేళ దాటిపోయింది. ఆయన ఇక చాలనేదాకా నేను అక్కడే నిలబడ్డాను.