పదకొండు అంగళ్లు

నా చిన్నప్పుడు మా మేనత్త పోగొట్టుకున్నవాటిని ఇంట్లో ఎవరూ లెక్క పెట్టలేదు. బడిలో పెద్దగా చదవకపోయినా లెక్క పెట్టడం నాకు అలవాటు కాబట్టి, తర్వాత నేనే పెట్టాను. మూడు నెలలు నిండకుండా పోయిన కొడుకు. ఆ వెనకే నిద్ర. ఆ తర్వాత అత్తగారిల్లు. నడుము దాటే జుట్టు, పేలు పడ్డాయని దవాఖానలో తీసేశారు. ఆఖరికి పేరు, ఊళ్లో అందరికీ ఆమె 'పిచ్చిది' అయింది. ఇవన్నీ జబ్బు చేసినవి. మేము చేసింది ఇంకొకటి ఉంది.

మాది కొడకండ్ల వైపు పల్లె. అప్పట్లో ఈ జబ్బుకు దగ్గరలో డాక్టరు లేడు. జనగామలో రైలెక్కి దూరాన ఉన్న పెద్ద దవాఖానకు పోవాలి. మా తాతకు చదువు రాదు. బోర్డులు చదవడానికని తొమ్మిదేళ్ల నన్ను వెంట తీసుకుపోయాడు.

దవాఖానలో మేనత్తను చేర్చుకున్నాక ఆమె తాత చెయ్యి వదల్లేదు.

"మల్ల ఎప్పుడొస్తవు నాయినా?"

"నాలుగు అంగళ్లకు వస్త బిడ్డా."

మా ఊళ్లో తేదీలు చెప్పుకునేవాళ్లు కాదు. ప్రతి బుధవారం కూడే సంతను అంగడి అంటాం, అదే మా లెక్క. పెళ్లికి రెండు అంగళ్లు ఉన్నాయనేవాళ్లం, బర్రె ఈని మూడు అంగళ్లయిందనేవాళ్లం. ఆమె తలూపి లోపలికి పోయింది.

నాలుగో అంగడికి పత్తి ఏరుడు. ఆరో అంగడికి వానలు. ఎనిమిదో అంగడికి మేనత్త చెల్లెలు చిన్నత్తను చూడడానికి సంబంధం వాళ్లొచ్చారు. దవాఖాన మాటే ఎత్తొద్దంది మా నానమ్మ. మేము పోయేసరికి పదకొండు అంగళ్లయ్యాయి.

మేనత్త ఎముకల గూడులా గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. మమ్మల్ని చూడలేదు. వార్డులో పనిచేసే ఆయమ్మ మా మీద విసుక్కుంది.

"దినాం అందర్ని పట్టుకొని అంగడి అయిందా, అంగడి అయిందా అంటది. అన్నం పెడితే అంగడి అయినంక తింట అంటది. గిట్లుంటే ఇంటికెట్ల పంపుతరు?"

ఆ గోడల లోపల అంగడి ఉండదు. ఎన్ని రోజులైందో తెలుసుకోవడానికి ఆమె చేతిలో మేమిచ్చిన కొలత అదొక్కటే. ఆమె తేదీ అడుగుతుంటే వాళ్లు కలవరింత అనుకున్నారు. వాళ్లకు మా లెక్క తెలియదు. మేము చెప్పలేదు.

తాత ఆమె వెనక నేల మీద కూర్చుని ఒక్కో అంగడీ చెప్పసాగాడు. మొదటి అంగట్ల మిరపకాయలు బాగా వచ్చినయి. రెండో అంగట్ల గొర్లాయనకు, కుండలాయనకు కొట్లాట అయింది.

"ముసలాయనకు గూడ మంచం వెయ్యాల్నా ఏంది?" అని ఆయమ్మ నవ్వింది.

ఏడో అంగడి దగ్గర మేనత్త ఇటు తిరిగింది.

"అన్ని అంగళ్లకు పోయినవు. నా కాడికి రానీకె తొవ్వ దొరకలేదా నాయినా?"

తాత పత్తి అనలేదు, వాన అనలేదు. సంబంధం మాట అసలే అనలేదు. "తప్పయింది బిడ్డా. నాలుగు అన్న, పదకొండు చేసిన" అన్నాడు. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం, అదీ కూతురి ముందు, నేను అదే మొదటిసారి చూశాను.

తర్వాత తాత డాక్టరు దగ్గరికి పోయి అంగడంటే ఏమిటో చెప్పాడు. డాక్టరు ఆమెను పిలిపించి చాలాసేపు మాట్లాడాడు. మందులు రాసిచ్చి ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. రైల్లో ఆమె రెండు అరటిపండ్లు తింది. తాత తొక్కలు చేతిలో పట్టుకుని జనగామ దాకా అలాగే కూర్చున్నాడు.

ఇప్పుడు ఈ మందులకు అంత దూరం పోనక్కర్లేదు. అయినా ఎవరినైనా చేర్చాల్సి వస్తే మా వైపు వాళ్లు నన్ను తోడు రమ్మంటారు. ఓపిక తగ్గింది, పోతూనే ఉన్నాను. వచ్చేముందు, మళ్లీ వచ్చే తేదీ పెద్ద అక్షరాలతో రాసి లోపలుండే మనిషి చేతిలో పెట్టిస్తాను. ఆ తేదీకి ఒకరోజు ముందే వాళ్ల ఇంటి వాకిట్లో నిలబడతాను. కొందరు నన్ను చూసి మొహం చాటేస్తారు.

తాత పోయాడు. మేనత్త కూడా పోయింది. పదకొండులో నాలుగు తీస్తే ఏడు అంగళ్లు, నలభై తొమ్మిది రోజులు. ఎన్నిసార్లు వేసినా లెక్క అంతే వస్తుంది. అవి ఇంకా మా ఇంటి మీదే బాకీ ఉన్నాయి.