తవ్వని ఇసుక

ఇన్నేళ్లుగా ఒక్క మాట మోస్తున్నాను. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సౌదీలోని ధహ్రాన్‌లో ఒక స్టేడియంలో మెయింటెనెన్స్ పని నాది. అప్పట్లో నాతోపాటు మల్లేశు ఉండేవాడు. ఇద్దరిదీ జగిత్యాల పక్కనే, ఒకే గది, ఒకే వంట. ఒక అంతర్జాతీయ పోటీకి ముందు, తొలిరోజుల్లో పోల్‌వాల్ట్ ఎలా ఉండేదో అతిథులకు చూపించాలనుకున్నారు. అప్పుడు పరుపులు లేవట. వెదురు గడతో ఎగిరి బార్ దాటి, ఇసుక గుంటలో కాళ్ల మీద దిగడమేనట. చిన్నప్పుడు కర్రతో కాలువలు దూకినవాడు మల్లేశు. కోచ్ వాణ్నే ఎంచుకున్నాడు. మమ్మల్ని పనికి పంపిన సప్లై కంపెనీ కాంట్రాక్టు అయిపోవస్తోంది. వాడు బాగా దూకితే కఫాలా, అంటే వీసా పూచీ, తమ పేరుకు మార్పించి స్టేడియంలోనే ఉంచుకుంటామన్నారు. మిగతావాళ్లం ఇంటికే.

ఇసుక పని నాది. దుమ్ము లేవకుండా ముందురోజు నీళ్లు కొట్టాలి. అది ఎండకు గట్టిపడుతుంది కాబట్టి దూకే ముందు పారతో లోతుగా తవ్వి వదులు చెయ్యాలి.

ఆ రోజు పార నా చేతిలోనే ఉంది. తవ్వలేదు. దంతెతో పైపైన గీకి మెత్తగా కనబడేలా చేశాను. బద్ధకమా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. బద్ధకమైతే దంతె మాత్రం ఎందుకు పట్టినట్టు? వాడికి అందరూ చప్పట్లు కొడుతుంటే నా కడుపు మండింది. వాడు తడబడితే చాలనుకున్నాను, కాలు విరగాలని కోరుకోలేదు అని ఇప్పుడు అంటున్నానే, ఆ తేడా వాడి మడమకు తెలుస్తుందా?

దూకే ముందు వాడు నావైపు చూశాడు.

“ఇసుక తవ్వినవా రా?”

“తవ్విన. నువ్వు దుంకు.”

మళ్లీ గుంటవైపు చూడలేదు వాడు. బార్ మీదుగా ఎంతో అందంగా వెళ్లాడు. దిగిన చప్పుడు మాత్రం ఇసుకలో పడ్డట్టు లేదు. మడమ ఎముక నుజ్జయింది. తానే సరిగ్గా దిగలేదని ఆసుపత్రిలో వాడే అందరికీ చెప్పాడు. పక్కనే నిలబడి తలూపాను. వాణ్ని వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేశారు. వాడికి రావాల్సిన కఫాలా నాకు వచ్చింది.

ఇప్పుడు ఇక్కడ మనిషి మునిగిపోయేంత పరుపులున్నాయి. పోటీ ఉన్నప్పుడల్లా వాటిని చేత్తో నొక్కి చూస్తాను. నన్నెవరూ చూడమనలేదు. మల్లేశు ఇప్పటికీ బతుకమ్మ పండుగకు నాకు ఫోన్ చేస్తాడు. కుంటుకుంటూనే పొలానికి పోతున్నాడట. ప్రతిసారీ చెప్పాలనుకుని, కాలు ఎట్లుందని అడిగి పెట్టేస్తాను.

వాడికి చెబుతానో లేదో మాటివ్వలేను. క్షమించమనే ముఖం నాకు లేదు. వాడితో అనాల్సింది కనీసం మీ ముందైనా అంటున్నాను.

ఇసుక తవ్వలే, మల్లేశూ. పైపైన గీకిన, అంతే.