పచ్చి వెదురు బుట్టలు

పంచాయతీ ఇకమీదట ప్లాస్టిక్ చెత్తబుట్టలు కొనకూడదనీ, వెదురువే కొనాలనీ మా ఊరి గ్రామసభ తీర్మానించిన రోజున నా డైరీలో రెండే విషయాలున్నాయి. ఒకటి వాన, రెండోది ఆ తీర్మానం. ఉద్యోగమంతా స్టోర్స్ విభాగంలో చేసినవాణ్ణని కొనుగోళ్ల కమిటీలో నన్నూ వేశారు.

బుట్టలల్లే ఆవిడ ఆ రోజు సభలో వెనక వరసలో కూర్చుంది. చోడవరం రోడ్డు మలుపులో ఆవిడ ఇల్లు. మా ఊళ్లో పెళ్లి బుట్టలు, కోళ్ల గంపలు, చేటలు అన్నీ ఆవిడ చేతివే. మర్నాడు పొద్దున్న అటు నడకకు వెళ్తే ఇంటి ముందు పచ్చి వెదురు మోపులు దిగి ఉన్నాయి.

"అప్పుడే తెప్పించేశావేంటమ్మా? ఆర్డరు కాగితం ఇంకా రాలేదు."

"అందరూ సేతులెత్తేరు కద బాబూ, ఇంకేటి కాగితం? పచ్చిమీదే సీల్చాల. ఎండిపోతే బద్ద వంగదు, పుటుక్కుమంటాది."

పెళ్లివారు గుమ్మంలో నిలబడి ఒక మాట చెప్పి వెళ్తే చాలు, ఆవిడ వెదురు కొట్టిస్తుంది. ఆ ఇంట్లో పద్ధతి అదే.

పంచాయతీ సెక్రటరీ మంచివాడు. "నాకూ ఇష్టమే సార్. ఎన్నాళ్లు మన్నుతాయో గ్యారంటీ రాయించి తెండి, పైకి పంపిస్తాను," అన్నాడు. కాగితం పట్టుకుని ఆవిడ దగ్గరకే వెళ్లాను.

"తడి సెత్తేస్తే ఏడాదికి సివికిపోతాయి. మళ్లీ అల్లుతాను. సివకనిది కావాలంటే ఇనపది కొనుక్కోండి!" అని నవ్వింది. చేతినిండా పేడ, మెంతిపిండి. బుట్టలకు లోపల పూత పూస్తోంది.

ఆవిడ చెప్పిందే రాశాను. పై ఆఫీసులో ఇంజనీరు అది చదివి కళ్లజోడు తీశాడు.

"ఏడాదికే కుళ్లిపోయేదానికి గ్యారంటీ ఏమిటండీ? ఆడిట్‌కి ఎవరు జవాబు చెప్తారు?"

"కుళ్లిపోతుందనే కదండీ కొంటున్నాం."

ఆయన నవ్వి నాకు టీ తెప్పించాడు. ఫైలు మాత్రం వెనక్కి వచ్చేసింది. మళ్లీ రాశాను, మళ్లీ వెళ్లాను, మళ్లీ టీ తాగాను.

ఆవిడ మాత్రం రోజూ అడిగేది. "ఏటి బాబూ, ఏటన్నారు?" వేరే దారిలో నడుద్దామని చాలాసార్లు అనుకున్నాను. తీరా బయల్దేరితే కాళ్లు అటే వెళ్లేవి. అరుగు మీద బుట్టలు ఒకదాన్లో ఒకటి దూర్చి చూరుదాకా పేర్చి ఉండేవి. పెళ్లిళ్ల బేరాలు ఒప్పుకోలేదట, పంచాయతీ పని ముందు అయిపోవాలని.

చివరికి పై ఆఫీసు నుంచే లారీలో ప్లాస్టిక్ డబ్బాలు దిగాయి. ఒక్కొక్కదానికీ మళ్లీ ఒక ప్లాస్టిక్ కవరు, మీద ఆకు బొమ్మ. ఇంటింటికీ ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. ఆవిడ గుమ్మంలోనూ ఒక జత పెట్టి వెళ్లారు.

ఆ పొద్దున్న నన్ను ఆవిడే పిలిచింది.

"బాబూ, ఈ బుట్టలు పారెయ్యాలి. తడి దాన్లో ఎయ్యాలా, పొడి దాన్లో ఎయ్యాలా?"

పక్కింటివాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు, నా మొహంకేసే చూస్తూ నిలబడింది. సభలో ఎత్తిన చేతుల్లో నాదీ ఉంది. నాకో రెండు ఇమ్మని అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. మిగతావి ఇంకా ఆ అరుగు మీదే ఉన్నాయి. పురుగు పట్టినట్టుంది, కింద సన్నగా పొడి రాలుతోంది. ఆవిడ రోజూ ఊడుస్తోంది.