ఆర్పేయబాకండి

ఆమె పేరు నేనడగలేదు. కావలిలో జువ్వలదిన్నె బస్సెక్కి, సముద్రం అడుగుకి కెమెరా యంత్రాన్ని దించే మా పని గురించి ఫోనులో మాట్లాడుతున్నాను. పెట్టేయగానే పక్కసీటులో ఉన్న ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మునిగిన బోటును వెతికేది మీరేనా అన్నా? అందులో మా ఆయన ఉండాడు."

బోటు మునిగి తొమ్మిది రోజులైంది.

"బతికుండాడా అని అడగటంలా. మీ మిషనుకి లైటుంటాదా?"

"ఉంటుందమ్మా."

"ఆయనకి చీకటంటే బయం. కనపడితే ఎంటనే ఆర్పేయబాకండి."

మూడు రోజులు ఓడ మీద నుంచి యంత్రాన్ని దించాం. తెరమీద బురద, చిరిగిన వలలు తప్ప బోటు కనిపించలేదు. ఇక చాలని అధికారులన్నారు. యంత్రాన్ని పైకి లాగబోతున్న నా జతగాణ్ణి ఆగమన్నాను. ఎందుకని అడిగాడు. లైట్లన్నీ వేసి కాసేపు అలాగే ఉంచాను.